ఈరమ్మ వాకిట వేణ్ణీళ్ళు

మా మేనత్త పోయిన కబురు నాకు తొమ్మిదో తరగతి గదిలో తెలిసింది. పిల్లలకు సంధులు చెబుతున్నాను. బల్లమీద ఫోను రెండుసార్లు మోగి ఆగి, మూడోసారి మోగింది. అత్త కొడుకు, మా బావ. "అమ్మ ఎల్లిపోనాది. పొద్దున్నే నారుమడి సూసొచ్చి, కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూకుంది. మరి లేవలేదు. బయలెల్లిరా" అన్నాడు. బోర్డు మీద సగంలో ఆగిన ఉదాహరణ పూర్తిచేసి, సుద్దముక్క డబ్బాలో వేసి, అప్పుడు బయటికి వచ్చాను. ఆ ఉదాహరణ ఎందుకు పూర్తిచేశానో నాకిప్పటికీ తెలియదు.

విజయనగరం నుంచి కోటబొమ్మాళికి ప్యాసింజర్ రైలు. చిన్నప్పుడు వేసవి సెలవులివ్వగానే ఎక్కిన రైలే అది. స్టేషన్లో దిగేసరికి అత్త ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండేది. "ఇజీనారం ఎలాగున్నాదే?" అని అడిగేది. ఆవిడ నోట్లో 'వి' ఎప్పుడూ 'ఇ' అయిపోయేది. నా సంచి తీసుకుని నాలుగడుగులు వేశాక అసలు ప్రశ్న వేసేది. "ఈసారి ఏ పాట తెచ్చినావు?"

మా ఇంట్లో పిల్లల్ని మార్కులెన్ని వచ్చాయని అడిగేవాళ్ళే తప్ప, నీకే పాట ఇష్టమని అడిగినవాళ్ళు లేరు. అత్త ఒక్కతే అడిగేది. దానికో పద్ధతి పెట్టింది. నీదొకటి, నాదొకటి. నేను నాకు నచ్చిన పాట పాడాలి, ఆవిడ తనకి నచ్చింది పాడుతుంది. ఎవరి పాటనీ ఎవరూ వెక్కిరించకూడదు. "ఒలే గుంటా, ఏటి నచ్చినాదో సెప్పు. ఎందుకు నచ్చినాదో సెప్పకు. అంతా నువ్వే సెప్పీస్తే నాకేటి మిగులుతాది?" అనేది. పాఠం చెప్పేటప్పుడు ఈ మాట నాకు చాలాసార్లు అడ్డం వస్తుంది.

సినిమాల విషయంలో ఆవిడది వేరే లెక్క. తెరమీద అన్నం తినని మనుషుల్ని ఆవిడ నమ్మేది కాదు. ఎంత పెద్ద హీరో అయినా "మూడు గంటలు తిరిగినాడు, ఒక్క ముద్ద తిన్నాడేటి?" అని తీసిపారేసేది. గయ్యాళి అత్త వేషాలు వేసే ఒక నటి అంటే ప్రాణం. ఆమె ఏడ్చినా తిట్టినా చేతిలో పని ఆపదట. ఒకసారి నేను పదిసార్లు చూసిన సినిమాని నా ఫోనులో రెండ్రోజులు ముక్కలు ముక్కలుగా చూపించాను. అంతా చూసి, "బాగున్నాది. ఆ పిల్ల ఆకలితోనే పడుకున్నాది, అదొక్కటే నచ్చలేదు" అంది. ఆ పిల్ల తినలేదని నేను పదిసార్లలో ఒక్కసారీ గమనించలేదు.

అన్నిటికన్నా ఆవిడకు ఇష్టమైన పాట ఒకటుంది. ఎప్పుడో రేడియోలో విని పట్టుకున్న పాత సినిమా పాట. చెరిగినా తూర్పారబట్టినా ఉడుపుల్లో నాట్లు వేస్తూ వంగినా అదే. ఆవిడ పాడేది ఇలా:

"పున్నమి పూటల వేణ్ణీళ్ళు నీకని
ఈరమ్మ వాకిట ఏసితినోయి"

దీనికి అర్థం కూడా చెప్పింది, నాకు తొమ్మిదేళ్ళప్పుడు. మొగుడు పొలంలో పనిచేసి ఒళ్ళు నొప్పులతో వస్తున్నాడు. పెళ్ళాం వేణ్ణీళ్ళు కాచాలి. ఇంట్లో పొయ్యి చిన్నది. పక్కింటి ఈరమ్మ వాకిట్లో పెద్ద పొయ్యి ఉంది, అక్కడ కాగు ఎక్కించింది. "మరి ఈరమ్మ ఏమీ అనదా అత్తా?" అని అడిగాను. "ఏటంటాది? రేపు ఆవిడ మొగుడూ వస్తాడు కదా" అంది. ఏ ప్రేమ పాటలోనూ నాకు మళ్ళీ అలాంటి పొరుగావిడ దొరకలేదు.

నాలుగేళ్ళ కిందట నేనొక పని చేశాను. ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నదే దానికోసం.

ఆ వేసవిలో అత్త ఫోనులో పాటలు ఎక్కిస్తుంటే ఆ పాట దొరికింది. వరండాలో అత్తా, ఆవిడతో ఉడుపులకు వెళ్ళే నలుగురు ఆడవాళ్ళూ మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. పాట పెట్టాను. "పున్నమి పూటల వేణువు నీదని, విరహిణి వాకిట వేచితినోయి." నాకు నవ్వు ఆగలేదు. అందరి ముందూ నవ్వాను. "అత్తా, వేణ్ణీళ్ళు కాదు, వేణువు. ఈరమ్మ లేదు, ఏమీ లేదు. విరహిణి" అని పలక మీద దిద్దినట్టు దిద్దాను. ఎవరి పాటనీ వెక్కిరించకూడదన్న మా పద్ధతి నాకు గుర్తే రాలేదు. పంతులమ్మ ఉద్యోగం ఇంట్లో కూడా చేశాను.

అత్త చేతులు ఆపలేదు. "అవునేటి? ఇన్నాళ్ళూ తప్పు పాడేనన్న మాట" అంది. విరహిణి అంటే ఏమిటని అడిగి, నాచేత ఆ మాట మూడుసార్లు అనిపించుకుంది. తర్వాత మిరపకాయలు గోనెసంచి మీద పరవడానికి లేచింది.

ఆ తర్వాత నా దగ్గర ఆ పాట ఎప్పుడూ పాడలేదు. ప్రతి ఆదివారం పొద్దున్నే ఫోను మాత్రం చేసేది. "ఈ వారం నీదేటి?" అని నా పాట వినేది. "మరి నీదో?" అని నేనంటే, "నాది తర్వాత సెప్తానులే" అనేది. ఆవిడ మనసు విరిచేశానని నాకు తెలుసు. క్షమించమని అడగాలని ప్రతి ఆదివారం అనుకునేదాన్ని. వాతావరణం గురించి మాట్లాడి పెట్టేసేదాన్ని.

పన్నెండో రోజు అయ్యాక అత్త ఫోను చేతిలోకి తీసుకున్నాను. ఆవిడ గొంతు ఎక్కడైనా ఉంటుందేమోనని వెతికాను. లేదు. నా ఫోనులోనూ లేదు. సరైన పాట ఎక్కడ నొక్కినా వస్తోంది. తప్పు పాట లోకంలో ఎక్కడా లేదు. పల్లవి నాకు గుర్తుంది. చరణం మొత్తం అత్తదే వేరే ఉండేది. అందులో ఎక్కడో చింతపండు వస్తుంది. దాని ముందేముందో, వెనకేముందో ఎంత గింజుకున్నా రాలేదు. ఆ చింతపండు కోసం వెక్కివెక్కి ఏడ్చాను. బావని అడిగితే, "నాకు పాటలేటి తెలుసు? అమ్మతో ఉడుపులికెల్లినోళ్ళు పాడతారు. ఉడుపులప్పుడు రా" అన్నాడు.

పోయిన ఆదివారం వెళ్ళాను. అత్త పోసిన నారే. గట్టుమీద నిలబడ్డాను, చెప్పులు చేత్తో పట్టుకుని. పది పన్నెండు మంది వరసగా వంగి వెనక్కి నడుస్తూ నాటుతున్నారు. అత్త పాట పాడమని అడిగాను. చరణం దాకా పాడమన్నాను. అత్తకి జోడీగా ఎప్పుడూ పక్కనే నాటే పెద్దామె ఎత్తుకుంది, మిగతావాళ్ళు అందుకున్నారు.

"పున్నమి పూటల వేణువు నీదని
విరహిణి వాకిట వేచితినోయి."

అక్షరం పొల్లుపోలేదు. చరణం కూడా ఫోనులో ఉన్నట్టే వచ్చింది. చింతపండు లేదు. మా ఊరిని ఇజీనారం అనే మనుషులు, ఆ ఒక్క మాట దగ్గర పెదవి పళ్ళకింద పెట్టి 'వి' అని నిక్కచ్చిగా పలికారు.

"అత్త వేణ్ణీళ్ళు అని పాడేది కదా" అన్నాను.

పెద్దామె నడుం ఎత్తింది. "అది తప్పంట కదమ్మా. నువ్వే సెప్పినావంట కదా. మా మేనకోడలు పంతులమ్మ, అది సెప్పినాక ఇంకేటున్నాది అని మీ అత్త మమ్మల్ని కూకోనిచ్చిందేటి? గట్టుమీద పోను ఎట్టి ఇనిపించేది. పాత మాట ఎవలి నోట్లోకొచ్చినా ఉడుపు ఆపించీసేది. నాలుగేళ్ళు పట్టినాది మాకు."

"మరి నా దగ్గర ఒక్కసారీ పాడలేదే."

"దానికే నోరు తిరగనేదమ్మా" అంది పెద్దామె. చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఇరహిణి కాదే, ఇరహిణి అనాలి అని మా మీద పడిపోయేది. మాకు నవ్వొచ్చేది. నాకు సరిగ్గా వచ్చినాక మా గుంటకి పోన్లో పాడి ఇనిపిస్తాను, అప్పటిదాకా పాడను అనేది. మొన్న నారు పోసినప్పుడూ అదే మాట."

గట్టుమీదే కూర్చున్నాను. వాళ్ళు నావంక చూస్తున్నారు, చేతుల్లో నారుకట్టలతో, మోచేతుల నుంచి బురదనీళ్ళు కారుతూ.

"సరిగ్గానే పాడతన్నామా అమ్మా?" అని అడిగింది పెద్దామె.

"సరిగ్గానే ఉంది" అన్నాను.

వాళ్ళు మళ్ళీ వంగి, ఒక్క తప్పూ లేకుండా, మొదటినుంచి ఎత్తుకున్నారు.