పదిహేడు ఆది జాకెట్లు

వ్యాపారం చేసుకునేవాళ్ళ దగ్గరికి మనుషులు ఎలా వస్తారో చెప్పే పుస్తకం ఒకటి నేను రాశాను. దాని మొదటి పేజీలోనే 'నలభై ఏళ్ళు విజయనగరంలో పెద్ద బట్టల కొట్టు నడిపిన అనుభవంతో' అని ఉంటుంది. అనుభవం నాదే. నలభై ఏళ్ళూ నావే. కొట్టు మాత్రం వేరేవాళ్ళది, నడిపిందీ వాళ్ళే. నేను పరుపు మీద కూర్చుని చీరలు విప్పి చూపించేవాణ్ణి. వచ్చినవాళ్ళు వెళ్ళాక మళ్ళీ మడతపెట్టేవాణ్ణి. మడతపెట్టడంలో నాకు సాటి లేరు. ఇది పెంచి చెప్పడం కాదు, మా ఆవిడ కూడా ఒప్పుకుంటుంది.

ఊళ్ళోవాళ్ళు బతిమాలితే రాశానని చాలామందితో అన్నాను. ఎవరూ బతిమాలలేదు. పని మానేశాక పొద్దు గడవక, సూటు తొడుక్కున్న కుర్రాళ్ళు ఫోనులో 'క్లయింట్లను ఆకర్షించే సూత్రాలు' చెప్తుంటే చూస్తూ కూర్చునేవాణ్ణి. వీళ్ళలో ఒక్కడైనా చీర చెంగు ఒక ఆడమనిషి చేతికి అందించి, ఆ చెయ్యి దాన్ని తడిమే తీరు చూసి, కొంటుందో లేదో చెప్పగలడా అని ఉక్రోషం వచ్చింది. ఆ ఉక్రోషంలోనే వెళ్ళి రూళ్ళ నోటుపుస్తకాలు నాలుగు కొన్నాను.

అప్పటికి ఏడాదిగా మా మరదలు, అంటే మా ఆవిడ చెల్లెలు, కోట వెనక సందులో జాకెట్లు కుడుతోంది. మా తోడల్లుడు పోయాక ఎవరింటికి రమ్మన్నా వెళ్ళలేదు. ముందు గదిలో మిషను, వెనక గదిలో పొయ్యీ మంచమూ. ఆ రెండు అద్దె గదులూ తన సొంతమన్నట్టు, రోజూ పొద్దున్నే సందు సగం దాకా ఊడ్చి ముగ్గు పెట్టేది. పని మంచిదే గాని మనుషులు పలచగా వచ్చేవారు. ఒకరోజు దారం పంటితో కొరుకుతూ, కూర సంగతి చెప్పినంత తేలిగ్గా చెప్పింది.

"ఈ పెల్లిల్ల రోజులు ఎల్లీదాకా సూస్తాను బావా. అప్పటికీ కొట్టు నిలబడకపోతే మిషను అమ్మీసి విశాపట్నం ఎలిపోతాను. ఆడపిల్లల హాస్టల్లో వంటకి మనిషి కావాలట."

ఆమె కళ్ళు చెమర్చలేదు. బెంగ నాకే పట్టుకుంది. అది కనబడకుండా ఉండడానికి, నాకు అలవాటైన పనే చేశాను. కోతలు కోశాను.

"నా పుస్తకం అచ్చయ్యేలోపు నీ గుమ్మం ముందు జనం వరస కట్టకపోతే నన్ను అడుగు" అన్నాను.

"అడుగుతాన్లే" అంది.

ఆ మర్నాటి నుంచి రోజూ మధ్యాహ్నం వెళ్ళి, రాసినంత మేరా ఆమెకి చదివి వినిపించేవాణ్ణి. మిషను తొక్కుతూనే వినేది. మొదటి అధ్యాయం పేరు 'క్లయింటును ఆకర్షించడం ఎలా'.

"క్లయింటంటే ఎవులు బావా?"

"నీ దగ్గిర కుట్టించుకోడానికి వచ్చేవాళ్ళు."

"ఆల్లా. ఆల్లు నా వాడిక ఇల్లోల్లు కదా."

మా వైపు పాలు పోసేవాళ్ళకీ, చేపల బుట్ట తెచ్చేవాళ్ళకీ అలవాటుగా తీసుకునే ఇళ్ళు కొన్ని ఉంటాయి. అవి వాళ్ళ వాడిక ఇళ్ళు. పుస్తకానికి ఆ మాట మరీ నాటుగా ఉంటుందనిపించి వద్దన్నాను.

"అయితే మరి ఆకర్సించడమేటి? నానేటి ఆల్లకి మందు పెడతన్నానా?" అని నవ్వి, "సదువు, సదువు, నీ నోరు నొప్పెట్టీదాకా సదువు" అంది.

ఐదో అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి నాకు నా మీద బాగా నమ్మకం కుదిరింది. దాని పేరు 'గుమ్మం దాటి వెళ్ళు'. మనుషులు మన దగ్గరికి వచ్చేదాకా కూర్చోకూడదు, మనమే వాళ్ళ ఇంటికి వెళ్ళాలి, వాళ్ళ వస్తువు వాళ్ళు అడగకముందే చేర్చాలి అని అందులో ఉంది. అది చదివే అవకాశం రాకుండానే ఆమె భావనపాడు వెళ్ళింది. అక్కడ ఆడపడుచు ఇంట్లో బారసాల. చేతిలో ఉన్న పనంతా ముగించి, తాళంచెవి నాకిచ్చి, మొక్కలకి నీళ్ళు పొయ్యమంది.

నీళ్ళు పోశాను. ఆ తర్వాత మిషను పక్కనున్న రేకుపెట్టె తీశాను.

అందులో ఆది జాకెట్లు ఉన్నాయి. కుట్టించుకునే ఆడవాళ్ళు తమకి సరిగ్గా సరిపోయిన పాత జాకెట్టు ఒకటి కొలతకని ఇస్తారు, అదే ఆది. నూటికి పైగా ఉన్నాయని తర్వాత మా ఆవిడతో అన్నాను. పదిహేడు ఉన్నాయి. ఒక్కోదాని మెడకి ఒక్కో రంగు దారం ముడి. వాటిని చూడగానే నాకు నా ఐదో అధ్యాయం కనిపించింది. ఇన్ని ఇళ్ళవాళ్ళ వస్తువులు తిరిగివ్వకుండా పెట్టెలో పడేసి ఉంచిందే, ఇదేం పద్ధతి అనుకున్నాను. నలభై ఏళ్ళు చీరలు చూపించాను. జాకెట్టు ముక్క చింపి ఇచ్చాక దాని కథేమిటో ఒక్కనాడూ అడిగినవాణ్ణి కాదు.

అన్నిటినీ ఇస్త్రీ చేశాను. నా చేతి మడత వేశాను. లోపలిది కనబడేలా నిగనిగలాడే కవర్లలో పెట్టి, 'ఎల్లప్పుడూ మీ సేవలో' అని అచ్చువేయించిన కార్డు ఒక్కోదానిలో దోపాను. ఒక జాకెట్టుకి లోపల ఒకవైపే మెత్తటి గుడ్డ మడతలు వేసి కుట్టి ఉంది. కుట్టు తప్పు పోయిందనుకుని విప్పబోయి, కత్తెర కనబడక ఊరుకున్నాను. ఆమె నోటుపుస్తకంలో రంగుదారాల పక్కన ఊళ్ళూ వీధులూ రాసి ఉంటే, అవి చూసుకుంటూ రెండు రోజులు స్కూటరు మీద తిరిగి పదిహేడూ ఇచ్చేసి వచ్చాను. ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే ఐదో అధ్యాయం చివర ఇలా రాశాను: 'విజయనగరంలో ఒక కుట్టుపని చేసే మహిళ ఈ సూత్రం పాటించింది. ఆ మర్నాటి నుంచి ఆమె గుమ్మం ముందు వరస.' మర్నాడు ఇంకా రానేలేదు. కాగితాలు పుస్తకం కంపోజు చేసే డీటీపీ కుర్రాడికి ఇచ్చేశాను కూడా.

మా మరదలు ఎండుచేపల పొట్లంతో తిరిగొచ్చి కొట్టు తీసింది. ఆ రోజు ఎవరూ రాలేదు. మరునాడూ రాలేదు. మూడోరోజు సందులో ఎవరిదో అడుగు వినబడితే లేచి నిలబడింది. కరెంటు రీడింగు తీసేవాడు. వారం ఇలాగే గడిచింది. పెళ్ళిళ్ళు ముంచుకొస్తున్నాయి. ఒక మధ్యాహ్నం నేను ప్రూఫులు పట్టుకుని అక్కడే ఉండగా, చర్చిలో పాటలు పాడే ఒక పెద్దావిడ, నర్సు ఉద్యోగం చేసి దిగిపోయినామె, సందులోంచి పోతూ ఆగింది.

"అదేటమ్మా, కొట్టు తీసే ఉన్నాదే. మూసీసినావనుకున్నాం."

"ఎందుకు మూస్తానమ్మా?"

"ఆది తిరిగొచ్చీసినాది కదా మరి. ఏటో, ఊరు ఎలిపోతన్నావనుకున్నాం. పాటలోల్ల తెల్లజాకెట్లన్నీ ఇంకో దగ్గిర ఇచ్చీసినాం."

ఆమె వెళ్ళాక మా మరదలు రేకుపెట్టె తీసి చూసింది. ఖాళీగా ఉంది.

"బావా, ఇది నువ్వేనా?"

నేనే అన్నాను. ఇంకా గర్వంగానే అన్నాను. ఇస్త్రీ సంగతి, కవర్ల సంగతి, కార్డుల సంగతి వరసగా చెప్పాను. చెప్తూ చెప్తూ ఉండగా నా గొంతు నాకే సన్నగా వినబడడం మొదలైంది.

"ఆది అంటే ఒల్లు బావా" అంది నెమ్మదిగా. "ఈవిడికి ఎడంబుజం దిగువ, ఈవిడికి కానుపయ్యాక నడుం పెరిగినాది, ఇవన్నీ నోటితో సెప్పలేక, ఆ జాకెట్టు నా దగ్గిర ఒగ్గీసి ఎల్తారు. అది నా కాడ ఉన్నన్నాల్లే ఆల్లు నా వాడిక. నాను తిరిగిచ్చీసినానంటే, ఇంక నాకూ నీకూ సెల్లు అన్నట్టే."

నా చేతిలో ప్రూఫు కాగితాలు ఉన్నాయి. చెయ్యి చాచి తీసుకుంది. ఆమె ఎనిమిదో తరగతి దాకా చదివింది. వేలు పెట్టి చదువుకుంటూ వెళ్ళి ఐదో అధ్యాయం చివర ఆగింది.

"ఈవిడెవులు బావా? గుమ్మం ముందు వరసున్నావిడ?"

"నువ్వే."

"ఈవిడికి బాగానే ఉన్నాది. సంతోసం" అంది. "మరి నాకేటి?"

తిట్టి ఉంటే ఏదో ఒక అబద్ధం ఆడి బయటపడేవాణ్ణి. తిట్టలేదు. లేచి మిషను మీద దుప్పటి ముక్క కప్పింది, పడుకున్న పిల్లకి కప్పినట్టు.

ఇంటి దగ్గర మా ఆవిడ అంతా విని, నాకు అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"రేపు బేగి లెగిసి స్కూటరు తియ్యి. ఎవులెవులికి ఇచ్చీసినావో ఆల్లందరి దగ్గిరికీ ఎల్లి తెచ్చీ."

"ఈ వయసులో ఆడవాళ్ళ గుమ్మాల్లో నిలబడి పాత జాకెట్లు ఇమ్మని అడగమంటావా?"

"ఇచ్చినప్పుడు నేని సిగ్గు ఇప్పుడేటి?"

వెళ్ళాను. మొదటి ఇంట్లో తలుపు తీసింది ఆవిడ కాదు, ఆవిడ భర్త. నాకంటే అడుగు ఎత్తు.

"ఏటి కావాలి?"

"మీ ఆవిడ పాత జాకెట్టండి."

ఆ తర్వాత జరిగింది పూర్తిగా రాయను. లోపలినుంచి ఆవిడ నవ్వుకుంటూ వచ్చి కాపాడింది. నేను పొరపాటు ఒప్పుకుంటే, కవరుతో సహా జాకెట్టు తెచ్చి ఇచ్చింది. నర్సమ్మ గారు బల్ల మీద కూర్చోబెట్టి టీ ఇచ్చి, "తెల్లవి ఈపాలికి ఐపోనాయి. ఇంకోపాలికి మీ మరదలే కుట్టాలి, సెప్పండి" అని తన ఆది మళ్ళీ అప్పగించింది. నలుగురు మాత్రం ఇంకొకరి దగ్గర ఇచ్చేశామన్నారు. ఒకామె జాకెట్టు చించి గిన్నెలు దింపుకునే మసిగుడ్డ చేసేసింది. కవరు మాత్రం దాచింది, బాగుందట.

చివరిది రామతీర్థం వెళ్ళే దారిలో ఒక పల్లె. అక్కడ నువ్వులు, వరి పండించుకునే ఒక రైతు ఇల్లు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ ఇంటామె పొలంలో ఉంది. ఆగే ఓపిక లేక కవరు పక్కింటివాళ్ళ చేతికి ఇచ్చి వచ్చాను. అది లోపలివైపు మడతలు వేసి కుట్టిన జాకెట్టే. ఈసారి ఆమె అరుగు మీద నువ్వులు చెరుగుతూ ఉంది. నేనెవరో చెప్పాను. చేట కింద పెట్టింది.

"మీ మరదలికి నా మీద కోపమొచ్చినాదేటి బాబూ?"

"కోపం కాదమ్మా. తప్పు నాది. నేనే తీసి ఇచ్చేశాను, ఆమెకి తెలీదు. కొట్టు తీసే ఉంది."

"ఆపరేసనయ్యాక ఒకపక్క నాకేటీ నేదు" అంది, చూపు చేటలోనే ఉంచి. "ఆ సంగతి మా ఇంట్లో తెలుసు, డాకటేరుకి తెలుసు, మీ మరదలికి తెలుసు. తను దాన్ని ఎవులికీ తెలవకుండా కుట్టినాది. మీరు అద్దంలాటి కవర్లో ఎట్టి పక్కింటోల్లకి ఇచ్చినారు."

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. నలభై ఏళ్ళు ఆడవాళ్ళ చేతులు చూసే వాళ్ళ మనసు చెప్పేవాణ్ణని పుస్తకం నిండా రాసుకున్నాను. ఆ కుట్టు నా ఇస్త్రీపెట్టె కింద పడినప్పుడు నాకు కనబడింది తప్పు కుట్టు.

"తప్పయిపోయిందమ్మా" అన్నాను. ఎంతో కాలానికి ఒక మాట, ముందూ వెనకా ఏమీ కలపకుండా అన్నాను.

ఆమె లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. తాగాక, జాకెట్టు ఇస్తుందేమోనని చెయ్యి చాచాను.

"మీ సేతికి ఇయ్యను" అంది. "నానే అట్టుకొస్తాను. కొట్టు ఉన్నాదని సెప్పినారు కదా, సాలు."

మర్నాడు బస్సు దిగి వచ్చింది. చీర కొంగులో చుట్టి తెచ్చింది. కూడా తన తోడికోడల్ని, తోడికోడలి కూతుర్ని తెచ్చింది. ఆ పిల్లకి పెళ్ళి. మా మరదలు ఆమెని చూడగానే చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. లోపల చాలాసేపు గుసగుసలు, తర్వాత ఇద్దరి నవ్వూ వినిపించాయి. నా గురించే అయి ఉంటుంది.

పదిహేడూ తిరిగి తెచ్చానని మా ఆవిడతో చెప్పాను. నేను తెచ్చినవి పదకొండు. పన్నెండోది తనంతట తనే వచ్చింది.

నా పుస్తకం మూడు ముద్రణలు పడింది. మొదటి రెండూ ప్రూఫులు. ఐదో అధ్యాయం మొత్తం తీసేసి, జరిగింది జరిగినట్టు, రామతీర్థం దారిలో ఆమె ఊరూ ఆనవాళ్ళూ మాత్రం మార్చి, మళ్ళీ రాయడానికి పూనుకున్నాను. క్లయింటు అన్న చోటల్లా కొట్టేసి వాడిక అని పెట్టాను. కొట్టివేతలు చూసి డీటీపీ కుర్రాడు తల పట్టుకున్నాడు.

పెళ్ళిళ్ళు దగ్గరపడ్డ రోజుల్లో మా మరదలి కొట్టులోనే, గుమ్మం పక్క బల్ల మీద కూర్చుని అది రాస్తూ ఉన్నాను. కొట్టు నిలబడిందని రాయనా వద్దా అని ఆగాను. అడిగాను కూడా. ఆమె మిషను ఆపలేదు.

"హాస్టలోల్లకి రానని ఫోన్ సేసీసినాను. అది రాసుకో" అంది. ఒక క్షణం తర్వాత తల ఎత్తి గుమ్మం వైపు చూసింది. "నెగు బావా, బల్ల కాలీ సెయ్యి. ఆల్లు కూకోవాలి."

కాగితాలు పోగేసుకుని లేచి సందులో నిలబడ్డాను. ముగ్గురు ఆడవాళ్ళు. పదిమంది అని రాద్దామనుకున్నాను. ముగ్గురే.