చిలక గిట్టల్లో వేడి

1964 ఎండాకాలం చివర నన్ను బోధన్ తాలూకాలో ఒక పశువుల దవాఖానకు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. చుట్టూ చెరుకు. దవాఖానకు వచ్చేవి బండెద్దులు, బర్రెలు. గుర్రాల వైద్యం కాలేజీలో చదివిందే తప్ప చేతితో చేసింది తక్కువ. ఆ సంగతి ఊళ్లో తెలియకూడదని కొంత బింకంగా ఉండేవాణ్ని.

ఆ చలికాలం కోటగిరి దగ్గరి గంగారాం కబురు పంపాడు. చెరుకు రైతు. అతని ఆడగుర్రం పేరు చిలక. ఆ దిక్కు జాతర పందేల్లో రెండేళ్లు వరసగా గెలిచింది. ఇప్పుడు ముందుకాళ్లు నొప్పితో కుంటుతున్నది. చేతులతో తడిమి చూసి, మోకాలి కింద వెనక నరం పట్టేసిందని తేల్చాను. తైలం రాసి, పట్టీ కట్టి, పని ఆపి మంచి మేత పెట్టమన్నాను.

కొన్నాళ్లు తగ్గింది, మళ్లీ తిరగబెట్టింది. రెండోసారి బ్లిస్టర్ వేశాను. అంటే చర్మాన్ని పొక్కించే ఘాటు లేపనం. పైన మంట పుడితే లోపలి దెబ్బ మానుతుందని మాకు నేర్పిన పద్ధతి. గుర్రం ఆ మంటకు వణికిపోయింది. తగ్గలేదు సరికదా, ఆ ఏటి జాతర నాటికి అడుగు తీసి అడుగు వేయలేకపోయింది.

గంగారాం వాళ్ల అన్న సాయన్న ఇంటికి పెద్ద. నా ముందే తమ్ముణ్ని నిలదీశాడు. "నిలబడి తినే గుర్రం మనకెందుకురా? మల్లొచ్చే జాతర దాకా సూస్త. ఉరికిందా, ఉంటది. లేదా, దెగ్లూర్ అంగడికి తోలుడే." గంగారాం గుర్రం మెడ మీద చెయ్యి తీయలేదు.

ఆ మాట విన్నాక తిరిగి వెళ్లబోతూ వాకిట్లో ఆగి చూశాను. చిలక ముందుకాళ్లు ముందుకు చాపి, బరువంతా వెనక కాళ్ల మీద వేసి నిలబడి ఉంది. నరం పట్టిన గుర్రం అలా నిలబడదు. కుంటే జంతువును గిట్ట నుంచి పైకి పరీక్షించాలని మొదటి పాఠం. నేను రెండుసార్లూ గిట్ట ఎత్తి చూడలేదు. ఎత్తబోతే గుర్రం తన్నుతుందేమో, తన్నితే పదిమందిలో నవ్వులపాలవుతానేమోనని భయపడ్డాను. ఆ భయానికి జాగ్రత్త అని పేరు పెట్టుకున్నాను.

ఇప్పుడు ఎత్తాను. రెండు ముందు గిట్టలూ పెనంలా కాలుతున్నాయి. గిట్ట పైన నాడి వేళ్లకు కొట్టుకుంటున్నది. లామినైటిస్: గిట్ట లోపలి మెత్తటి పొర వాచి, పైనున్న పెంకు మీద పట్టు వదిలే జబ్బు. అతిమేత వల్ల, ముఖ్యంగా తీపి, గింజల వల్ల వస్తుంది.

ఏం పెడుతున్నారని అడిగాను. "మీరే గద సార్ మంచి మేత పెట్టుమన్నరు," అన్నాడు గంగారాం. పొలంలో గానుగ నడుస్తున్నది. కడాయి దిగినప్పుడల్లా తొలి బెల్లం ముద్ద చిలకకే పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. నా మాట విన్నాక దానికి తోడు శనగలు కూడా పెంచారు. పని లేదు, బెల్లం ఎక్కువైంది. నా సలహాయే జబ్బును పెంచింది.

బెల్లం ఆపమంటే వాళ్ల అవ్వ ఒప్పుకోలేదు. "తొలి ముద్ద ఆపుతే ఇంటికి మంచిగుంటదా? నీ మందుకు తగ్గక మా బెల్లం మీద పడ్డవా బిడ్డా?"

అందరి ముందు నిజం చెప్పక తప్పలేదు. నేను జబ్బు తప్పుగా పట్టానని, వేసిన మంట మందు అనవసరమని చెప్పాను. సాయన్న పెద్దగా నవ్వి, గుర్రం కంటే డాక్టర్‌నే తోలాలన్నాడు. అవ్వ నవ్వలేదు. "సరె. తొలి ముద్ద నేను తింట," అంది.

దాణా పూర్తిగా ఆపించి ఎండుగడ్డి మీద ఉంచాం. గిట్టలు చల్లబడాలని నిజాంసాగర్ కాలువ పాయలో పొద్దునా సాయంత్రం నిలబెట్టాం. గిట్టలకు నాడాలు కొట్టే నాల్‌బంద్‌ను పిలిచి, నేను దగ్గర కూర్చుని, నాడాలు ఊడదీయించి ముందుకు పెరిగిన గిట్టను కొద్దికొద్దిగా చెక్కించాను. గిట్ట గోరు లాంటిది, నెమ్మదిగా పెరుగుతుంది. తొందరపెట్టే మందు లేదు. వానలు తగ్గే నాటికి నడిచింది. చెరుకు నరికే నాటికి మెత్తటి దున్నిన నేల మీద పరుగెత్తింది. మళ్లీ గానుగ ఆడింది. చిలకకు బెల్లం అందలేదు.

జాతర నాడు గంగారామే ఎక్కాడు. మలుపు దాకా మూడో గుర్రంగా ఉన్న చిలక, మలుపు తిరిగాక ముందున్న రెండింటినీ దాటేసింది. సాయన్న రుమాలు గాల్లోకి విసిరి, "మా చిలక! మా చిలక!" అని గొంతు పోయేలా అరిచాడు. పందెం కాగానే నేను జనాన్ని తోసుకుని పోయి ముందు గిట్టలు పట్టి చూశాను. చల్లగా ఉన్నాయి.

అవ్వ కొంగులోంచి బెల్లం ముద్ద తీసింది. చిలకకే పెడుతుందేమోనని ఆపబోయాను. ఆమె గుర్రాన్ని దాటి వచ్చి దాన్ని నా చేతిలో పెట్టింది. "తిను బిడ్డా. నీకైతే గిట్టలు లేవు గద."

ఆ తర్వాత నా సర్వీసులో కుంటుతూ ఏ జంతువు వచ్చినా ముందుగా గిట్ట ఎత్తి చూశాను. మంచి మేత పెట్టమని ఎవరికీ చెప్పలేదు. ఏ మేత, ఎంత అన్నది చెప్పాను. దానికి ముందు, ఇంట్లో ఎవరెవరు ఏం పెడుతున్నారో అడిగాను.