తడిసిన కంజీర

ఆవిడ నన్ను అడగకుండానే నా కంజీరకు నీళ్ళు పట్టించింది. లిలువా నుంచి హౌరా వెళ్ళే కలకత్తా లోకల్ రైల్లో ఎదురుగా కూర్చున్న తెలుగు మనిషి, పేరైనా తెలియదు. ఆ కంజీర మా నాన్నగారిది, ఉడుము తోలుది. ఇప్పుడు ఉడుమును పట్టడమే నేరం. ఆ తోలు పాడైతే మరొకటి రాదు.

“చూస్తానని పుచ్చుకుని తడిపేస్తావా?” అని అరిచాను. బోగీ అంతా మావైపు తిరిగింది.

ఆవిడ తోలు లోపలివైపు తడి అరచేత్తో రుద్ది, ఇటు తిప్పి ఒక్క దెబ్బ వేసింది. ఆ లోతైన నాదం మా నాన్నతోనే పోయిందనుకున్నాను. ఆయన పోయాక నా అంతట నేనే వాయించడం నేర్చుకున్నాను. నా చేతిలో అదెప్పుడూ రేకుడబ్బాలాగే మోగేది.

“నీళ్ళు పెట్టమని ఎవరు చెప్పారు నీకు?” అన్నాను, కోపం దిగకుండానే.

ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. “అయ్యో బాబూ, ఇన్నాళ్ళూ దానికి నీళ్ళియ్యకుండానే వాయిస్తన్నావేటి?”