మామ్మ వేల్లో దిగిన సూది

మా నాన్న తల్లిని మేం మామ్మ అనేవాళ్ళం. ఊరికి మాత్రం ఆవిడ నర్సమ్మగారు. పెళ్ళికి ముందు నుంచి తల నెరిసేదాకా మిషన్ ఆసుపత్రిలో పనిచేసి, తర్వాత రాజోలు దగ్గర కాలవగట్టు మీదున్న మా ఇంటికి వచ్చేసింది. వచ్చాక కూడా పని మానలేదు. కొబ్బరిచెట్టు మీంచి పడ్డ దింపు కార్మికుడికి కట్టు కట్టాలన్నా, ముసలాళ్ళకి ఇంజెక్షన్ చెయ్యాలన్నా ఆవిడకే కబురు. చేతిసంచిలో జపమాల, దూది, స్పిరిట్ సీసా కలిసే ఉండేవి. ఆ పూసలకి ఎప్పుడూ స్పిరిట్ వాసనే.

నేను అమలాపురంలో డిగ్రీ చదువుతున్న రోజులు. పాస్కు అనే ఈస్టర్ పండగకి ముందు వచ్చే నలభై రోజుల తపస్సు కాలం మొదలైంది. అక్క పురిటికి వచ్చి ఉంది, చంటివాడికి ఇంకా మెడ నిలవలేదు. ఒకరోజు పొద్దున్నే మా వెనక వీధి కొబ్బరికాయల వ్యాపారి మా గేటు దగ్గర నిలబడ్డాడు. ఆయన కొడుకు బొంబాయిలో పనిచేసి, జబ్బుతో తిరిగొచ్చి, అంతకు ముందేడు పోయాడు. టీబీ అని చెప్పుకున్నారు. ఇప్పుడు కోడలు మంచం పట్టింది. రక్తపరీక్షలో ఎయిడ్స్ అని తేలిన రోజు సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోయింది. దొడ్లో కాయలు పోసే పాకలోకి ఆమె మంచం మార్చేశారు.

"నర్సమ్మగారండీ, సెలైన్ పెట్టమన్నారండి డాక్టరుగారు. ఎవర్ని పిలిచినా రామంటున్నారండి" అన్నాడు, నేల చూపులు చూస్తూ.

"ఆయ్, మీరు పదండి. వస్తున్నాను" అంది మామ్మ.

ఆయన అటు వెళ్ళగానే అమ్మ వంటింట్లోంచి వచ్చింది. "అత్తయ్యగారూ, ఇంట్లో పసిగుడ్డున్నాడండీ."

"ముట్టుకుంటే వచ్చే జబ్బు కాదమ్మా. నెత్తుటి వల్ల వస్తుంది. జాగ్రత్తగానే ఉంటాను."

అలాగే రోజూ వెళ్ళింది. ఒక మధ్యాహ్నం మాత్రం త్వరగా వచ్చేసింది. ఇంట్లోకి రాకుండా సరాసరి బోరింగు దగ్గరికి వెళ్ళి నన్ను పిలిచింది.

"కొట్టవే. ఆపకు."

నేను బోరింగు కొడుతుంటే ఎడమచెయ్యి ధార కింద పెట్టి, సబ్బు రుద్ది, మళ్ళీ ధార కింద పెట్టింది. బొటనవేలి మీద చిన్న ఎర్రటి చుక్క. తుడిచేకొద్దీ ఊరుతోంది.

అన్నాల దగ్గర తనే చెప్పింది. సూది తీస్తుండగా జ్వరం తీవ్రతలో ఆ అమ్మాయి చెయ్యి విసిరిందట. గ్లౌజు లోంచి మామ్మ వేల్లోకి దిగింది. నాన్న ఎత్తిన ముద్ద కంచంలో వదిలేశాడు.

"ఇప్పుడే పరీక్ష చేయిద్దాం."

"ఇప్పుడు చేస్తే తెలీదురా. మూడు నెలలు ఆగాలి."

సూది గుచ్చుకున్న వెంటనే వేసుకునే మందులు ఉంటాయని నేను చాలా ఏళ్ళకి విన్నాను. ఆ రోజు మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

ఆ సాయంత్రమే తన కంచం, గ్లాసు విడిగా పెట్టుకుంది. వసారా గదిలోకి పక్క మార్చుకుంది. "అవసరం లేదని నువ్వే అన్నావు కదా మామ్మా" అన్నాను.

"అవసరం లేదు. కానీ మీ అమ్మ నిద్రపోవాలి కదే."

చంటివాణ్ణి ఎత్తుకోవడం మానేసింది. వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే గడప ఇవతలే నిలబడి, వీపు ఎలా నిమరాలో అక్కకి చెప్పేది.

మర్నాడు పొద్దున సంచి తీసుకుని బయల్దేరబోతే నాన్న గేటుకి అడ్డంగా నిలబడ్డాడు.

"జరిగింది చాలు. ఇంక వెళ్ళకమ్మా."

"ఇప్పుడు మానేస్తే గుచ్చుకున్నది పోతుందా?"

"నేను నీ కొడుకుని. ఆవిడ నీకేమవుతుంది?"

మామ్మ సంచి రెండో చేతికి మార్చుకుంది. "పక్కకి తప్పుకోరా" అంది మెల్లగా. నాన్న తప్పుకున్నాడు. రెండ్రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

విషయం మేం వెళ్ళే చర్చి గుడిదాకా పాకింది. శుక్రవారం సిలువ మార్గం ప్రార్థనకి వెళ్తే, చాప మీద మా పక్కనున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే జరిగిపోయారు. ఆదివారం పూజలో సత్ప్రసాదపు అప్పం అందుకునే వరసలో మామ్మ వెనక నేనున్నాను. ఫాదర్‌గారు అందరికీ నాలుక మీదే పెట్టేవారు. మామ్మ దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి గాల్లో ఆగింది. గుడంతా అటే చూస్తోంది. తర్వాత ఎప్పటిలాగే ఆవిడ నాలుక మీద పెట్టారు. మామ్మ ఎప్పుడూ కళ్ళు మూసుకునే అందుకునేది, అది చూడలేదు.

పాస్కు పండగ దాటిన వారంలో ఆ అమ్మాయి పోయింది. స్నానం చేయించడానికి ఒక్కరూ ముందుకి రాలేదు. మామ్మ వెళ్ళి, వాళ్ళ పద్ధతి ఎలాగో అడిగి, అన్నీ చేసింది. దూరంగా నిలబడ్డ ఆ అమ్మాయి అత్తగారు కాసేపటికి తనే బిందెతో నీళ్ళు తెచ్చి పోసిందట. ఇంటికొచ్చి ఆ ఒక్క ముక్కే చెప్పింది మామ్మ.

మూడు నెలల గడువు పూర్తయ్యాక పరీక్ష కోసం నేనూ మామ్మా రాజమండ్రి బస్సెక్కాం. కొత్తపేట దాటినా చేతిలో పూసలు కదలడం లేదు.

"జపం చెప్పుకోవా మామ్మా?"

"మాట రావట్లేదే" అంది కిటికీలోంచి చూస్తూ.

ఆసుపత్రిలో రక్తం తీసుకుని, చాలాసేపు కూర్చోబెట్టి, చివరికి ఆవిడ ఒక్కదాన్నే లోపలికి పిలిచారు. తలుపు మూసుకుంది. బయట ఎవరిదో పేరు పిలుస్తున్నారు, ఎవరో దగ్గుతున్నారు. నాకు ఆ తలుపు తప్ప ఏమీ కనబడలేదు.

బయటికి వచ్చి, గోడ పట్టుకుని, బల్ల మీద కూలబడింది.

"నాకు జబ్బు లేదన్నారే."

అప్పుడు ఏడ్చింది. మామ్మ ఏడవగా చూడటం నాకదే మొదలు.

"రోజూ భయమేసేదే. ప్రార్థనకి కూర్చున్నా అదే ఆలోచన. నీకేం కాదులే అని మరియతల్లి అన్నట్టు ఒక్కసారైనా అనిపించలేదు నాకు."

"మాకెవరికీ చెప్పలేదేం?"

"మీ అమ్మకే నిద్ర లేదు. ఇంక నా భయం కూడా ఎవరి నెత్తిన పెట్టను?"

ఇంటికొచ్చి చెప్పగానే అమ్మ లోపలికి వెళ్ళి చంటివాణ్ణి తెచ్చి ఆవిడ ఒళ్ళో పడుకోబెట్టింది. "ఉండవే, ఊరంతా తిరిగొచ్చాను, చేతులు కడుక్కోనీ" అని మామ్మ అంటున్నా అమ్మ వినిపించుకోకుండా పక్కనే చతికిలబడి, ఆవిడ భుజానికి తల ఆనించింది.

ఆ తర్వాతి ఏళ్ళలో అదే జబ్బుతో మరికొన్ని ఇళ్ళ నుంచి కబుర్లొచ్చాయి. కొందరు చీకటి పడ్డాక వచ్చి గొంతు తగ్గించి అడిగేవారు. ఒకసారి అంతర్వేది వైపు నుంచి పిలుపొచ్చింది. బస్సులో వెళ్తానంటే నాన్న ఒప్పుకోలేదు, మోపెడ్ బయటికి తీశాడు. అప్పట్నుంచీ ఎక్కడికైనా ఆయనే తీసుకెళ్ళేవాడు. పిలిచినవాళ్ళ ఇంటి లోపలికి మాత్రం అడుగు పెట్టేవాడు కాదు. వాకిట్లో మోపెడ్ మీదే కూర్చుని, ఆవిడ బయటికి వచ్చేదాకా ఆ గుమ్మం వైపే చూస్తూ ఉండేవాడు.