అమ్మ చేతులు, పక్కింటి అక్క భుజం

నా చిన్నప్పుడు మా అమ్మ చేతులు నాకొక్కదానికే సొంతమనుకునేదాన్ని. అమ్మ పంజగుట్టలో ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. పగలంతా రోగులకు పంచిన ఆ చేతులు, సాయంత్రం అమీర్‌పేటలోని మా ఇంటికి రాగానే నా జడ విప్పి దువ్వేవి.

పక్కింటి అక్కకు డొక్కలో ఆపరేషన్ అయ్యాక ఆ సాయంత్రాలు చేజారిపోయాయి. గాయం మానింది గాని కుడి చెయ్యి భుజం దాటి లేచేది కాదు. కాలేజీకి వెళ్లే పిల్ల, తన జడ తాను వేసుకోలేక ఏడ్చేది. అమ్మ రోజూ ఆమెను మా మంచం మీద పడుకోబెట్టి, మచ్చ చుట్టూ వేళ్లతో మెల్లగా నొక్కేది. ఆ తర్వాత జడ కూడా వేసేది. నేను గడపలో కూర్చుని పళ్లు నూరుకునేదాన్ని. నా జడ నానమ్మ వేసేది, వంకరగా.

ఒకరోజు ఆగలేక అనేశాను.

"నొప్పి భుజంల ఉంటే డొక్కల ఎందుకు నొక్కుతున్నవ్? ఊకెనే ఆమెను ఈడ ఉంచుకుంటున్నవ్."

అక్క ముఖం చిన్నబోయింది. అమ్మ కోప్పడలేదు. నన్ను దగ్గరకు పిలిచి, నా గౌనును నడుము దగ్గర గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

"జర చెయ్యి లేపు బిడ్డా."

లేపబోయాను. సగంలోనే ఆగిపోయింది.

"ఏడ గుంజుతుంది?"

"భుజం కాడ."

"మరి నేను పట్టింది ఏడ?"

నడుము దగ్గరున్న అమ్మ గుప్పిట వైపు చూశాను. అప్పుడు చెప్పింది. మన చర్మం కింద, కండల చుట్టూ, తల నుంచి పాదం దాకా పలచని పొర ఒకటి అల్లుకుని ఉంటుందట. దాని పేరు ఫేషియా. అది ఒకచోట అతుక్కుంటే ఇంకోచోట లాగుతుందట. నా వేళ్లు పట్టుకుని అక్క మచ్చ పక్కన పెట్టింది. అక్కడి చర్మం కదల్లేదు. జాలి వేసింది. కుళ్లు మాత్రం తగ్గలేదు.

వానలు వెనకబట్టేసరికి ఒక సాయంత్రం అక్క రెండు చేతులూ తల వెనక్కి పోనిచ్చి జడ అల్లుకుంది. "చూడండి ఆంటీ" అంది. అమ్మ కళ్లు తడిశాయి. నా కోసం ఎప్పుడూ అలా తడవలేదనిపించింది.

ఇప్పుడు మా మనవరాలు మోకాలు నొప్పంటే ముందు తొడ, పిక్క తడిమి చూస్తాను. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆ అక్క మాత్రం ఇప్పటికీ శ్రీనగర్ కాలనీ నుంచి వస్తుంటుంది. "మీ అమ్మగారి చేతుల్లో ఏముండేదో" అని మొదలుపెడుతుంది. టీ పెడతానని నేను వంటింట్లోకి వెళ్లిపోతాను. ఎందరి నొప్పులో తీసిన అమ్మ, నా కుళ్లును మాత్రం తీయలేకపోయింది.