వదిన ఎంచుకున్న ఓడల రాజు

పాత కంప్యూటర్ వేడెక్కితే వచ్చే దుమ్ము వాసన మొన్న మా ఆఫీసు మూలగదిలో తగిలింది. దానితో పాటే కళింగపట్నంలో చిన్నమావ జెరాక్సు షాపు, తలుపు సందుల్లోంచి వచ్చే ఎండుచేపల వాసన, నాగులచవితి చిమ్మిలి తిన్న జిగురు వేళ్లతో మౌసు పట్టుకుంటే ఆయన వేసే కేకలు, అన్నీ మీదపడ్డాయి.

పెద్దమావ కూతురు రత్నం వదినా నేనూ అక్కడి కంప్యూటర్లో రాజ్యాలు కట్టే ఆట ఆడేవాళ్లం. ఒకరి వంతు ముగిశాక ఇంకొకరిది. నాయకుల్ని ఎంచుకోవడానికే సగం పొద్దు పోయేది. వదినకి ఎప్పుడూ ఓడల రాజే. అతని ఓడలు అందరికన్నా దూరం పోతాయి, ఊళ్లకి మాత్రం గోడలు తొందరగా లేవవు. నాది కోటల రాణి. గోడలూ గాదెలూ చకచకా లేస్తాయి, సైన్యమే నత్తనడక.

"గోడలేసుకుని ఇంట్లో కూకుంటాదే నీ రాణి. ఏటి లాభం?" అంది వదిన, చవితి మర్నాడు.

"నీ రాజుకి దూరం ఎల్లడమే గానీ తిరిగి రాడం తెల్దు," అన్నాను.

అనేశాకే పెద్దమావ గుర్తొచ్చాడు. ఆయన తెల్లారకముందే సముద్రం మీద చేపల వేటకెళ్లాడు. మధ్యాహ్నానికి గాలి తిరిగి, షాపు రేకులు దడదడలాడుతున్నాయి. పడవలన్నీ ఒడ్డుకి చేరాయి, మావది తప్ప. అత్త మమ్మల్ని షాపులోనే ఉండమని చెప్పి ఒడ్డుకి పోయింది.

తెర మీద వదిన ఓడ నడిసముద్రంలో ఉంది. ఆ ఆటలో వంతు ముగిస్తే ఒక్కోసారి తుఫాను లేచి ఓడల్ని ముంచేస్తుంది. నేను మౌసు మీద చెయ్యి వేయగానే వదిన నా మణికట్టు పట్టుకుంది.

"నొక్కకే. నొక్కకపోతే ఏటీ అవదు."

ఇద్దరం కదలకుండా కూర్చున్నాం. కరెంటు పోయింది. బ్యాటరీ కుయ్ కుయ్‌మంటోంది. చిన్నమావ ఆపమన్నా వదిన వినలేదు. కాసేపటికి తెర దానంతటదే నల్లబడింది. అప్పుడు ఏడ్చింది వదిన.

మర్నాడు సాయంత్రం మావ బస్సు దిగాడు. పడవ కొట్టుకుపోయి ఎక్కడో ఉత్తరాన ఇసుకలో బద్దలైందట. ఉప్పుకి పెదాలు పగిలిపోయి ఉన్నాయి. వదిన ఆయన్ని చుట్టేసుకుంది. ముందురోజు వదినతో అన్న మాట నేను ఆయనకి చెప్పేశాను.

"ఓసి పిచ్చిదానా, నీ మాటకేటే గాలి లెగిసింది? ముందు అన్నం ఎట్టమని సెప్పు మీ అత్తకి," అన్నాడు.

ఆ తర్వాత మావ పలాసలో జీడిపప్పు పనికి కుదిరాడు, మళ్లీ వేటకెళ్లలేదు. వదిన మళ్లీ షాపు గడప తొక్కలేదు. ఆ షాపూ లేదు, మధ్యాహ్నమంతా రాజుల గుణాల మీద పోట్లాడుకునే తీరికా లేదు. ఇప్పటికీ వాయుగుండం అన్న మాట వినబడితే చాలు, ఆ రోజు ఎవరితో ఏం అన్నానో ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటాను.