టీ అంగడి దగ్గర ఆగిపోయిన సినిమా

బాగా ఆడిన సినిమాలంటే నాకు మొదటి నుంచీ అనుమానం. వంద రోజులు ఆడిందంటే అందులో ఏదో మోసం ఉందనే నా లెక్క. ఊరంతా మెచ్చిన సినిమాకు వెళ్ళి ముఖం మాడ్చుకుని బయటికి వచ్చేవాణ్ణి. వారం తిరక్కముందే డబ్బాలు సర్దుకుపోయిన సినిమాను మాత్రం మళ్ళీ మళ్ళీ చూసి, కనబడిన ప్రతివాడికీ దాని గొప్పతనం చెప్పి విసిగించేవాణ్ణి. "నీకు బాగుందంటే ఇంక ఆ సినిమా పనైపోయినట్టేరా" అనేది మా అక్క. కడప జిల్లాలో మేము పుట్టి పెరిగిన చోటి టూరింగ్ టాకీసులో మొదలైన ఈ తగువు కువైట్ దాకా మాతో వచ్చింది.

అక్క లెక్క వేరు. సినిమా అన్నాక ఎంత ఏడిపించినా చివర్లో నవ్వించి పంపాలి. టికెట్టు కొన్న మనిషిని ఏడుపు ముఖంతో ఇంటికి పంపడం మర్యాద కాదంటుంది. నాకేమో క్లైమాక్సులంటే ఒళ్ళు మంట. అంతసేపూ కొట్టుకు చచ్చినవాళ్ళంతా ఆఖర్న వరసగా నిలబడి ఫొటోకు నవ్వుతారు. హీరోకు తగిలిన కత్తిపోటు ఏమైందని ఒక్కడూ అడగడు. ఆ ఫైటింగులు గోడౌన్లలోనే ఎందుకు జరుగుతాయో, ఖాళీ డ్రమ్ములు అంత ఎత్తున ఎవడు పేర్చి పెడతాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పాటల విషయంలో మాత్రం నాకు జాలి. ఎంత పనికిమాలిన సినిమాలోనైనా ఒక మంచి పాట ఉంటుంది, జనం బీడీలు కాల్చుకోవడానికి లేచిపోయేది సరిగ్గా ఆ పాటప్పుడే.

నాకు అన్నిటికంటే ఇష్టమైన సినిమా ఒకటుంది. పేరు చెప్పను, చెప్పినా మీకు తెలియదు. ఒక లారీ డ్రైవరు, నిండు నెలలతో ఉన్న భార్యకు "ఈ ఒక్క లోడు దించేసి వచ్చేస్తా" అని చెప్పి బయలుదేరతాడు. అక్కడ ఇంకో లోడు ఎత్తుతారు, దాని తర్వాత ఇంకొకటి. సినిమా అంతా రోడ్డే. విలన్ లేడు. లారీ యజమాని కూడా మంచివాడే, పాపం అతని అవసరాలు అతనివి. నేనూ డ్రైవర్నే కాబట్టి నచ్చిందని అక్క వెక్కిరించేది. అది కాదు. అందులో నటుడు నిజంగా లారీ నడిపాడు. గేరు మార్చేటప్పుడు అతని భుజం చూస్తే తెలిసిపోతుంది. మిగతా సినిమాల్లో హీరోలు స్టీరింగును పిండి రుబ్బినట్టు తిప్పుతారు. మా టాకీసులో ఆ సినిమా ముగిసేసరికి జనం బెంచీలు విరగ్గొట్టారు. నేను మర్నాడు మళ్ళీ వెళ్ళి, మిగిలిన బెంచీ మీద కూర్చుని చూశాను.

కువైట్‌కు అక్క నాకంటే ముందు వచ్చింది. సల్వాలో ఒక కువైటీ ఇంట్లో వంటపని, ఇంటిపని. ఆ తర్వాత నేను వచ్చి అబ్బాసియాలో నలుగురితో గదిలో ఉంటూ, ఒక లాండ్రీకి పికప్ నడిపేవాణ్ణి. మా సందు చివర వీడియో క్యాసెట్ల అంగడి గోదావరి జిల్లా ఆయనది. నా రుచి తెలిసి, నాకోసం ఎవరూ ముట్టని క్యాసెట్లన్నీ కింది అరలో విడిగా పెట్టేవాడు. లారీ సినిమా క్యాసెట్టును మాత్రం నేను కొనేసుకున్నాను. దాన్ని కొన్నందుకు ఆయన నాకు చాయ్ కూడా ఇప్పించాడు.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి సరిగ్గా గురు, శుక్రవారాల సెలవులకు ముందు రాత్రి దిగింది. సెలవుల కోసం జనం అప్పటికే మంచి సినిమాలన్నీ అద్దెకు పట్టుకుపోయారు. ఇక వాటిని తిరిగి తెచ్చి ఇచ్చేదెవరు? రెండు మూడు రోజులు గడిచాక అంగడాయన షట్టరు సగం ఎత్తి నన్ను పిలిచాడు.

"మీ సినిమాలే మిగిలాయండీ. ఒక్కటి కూడా కదల్లేదు. పట్టుకెళ్ళండి, ఎవడో దోచుకుపోయే బదులు మీరన్నా చూస్తారు."

అలా ఆ రోజుల్లో మా సందులో అందరూ ఆడని సినిమాలే చూశారు. పని లేదు, జీతం మాట లేదు, రొట్టెల కోసం తప్ప బయటికి పోయే ధైర్యం లేదు. ఏడవడానికి ఓపిక లేనివాళ్ళంతా మా గదిలో చేరేవాళ్ళు. మొదట గొణిగారు, తర్వాత ఒక్కొక్కరే "ఏమబ్బా, బాగనే ఉండాదే" అనడం మొదలుపెట్టారు. సినిమాల విషయంలో నాకు దక్కిన గెలుపు అదొక్కటే. దానికోసం ఒక దేశం పడిపోవాల్సి వచ్చింది.

అక్క సల్వా నుంచి ఫోన్ చేసింది. ఊరిలోపల ఫోన్లు ఇంకా పనిచేస్తున్నాయి.

"రేయ్, ఈడ అందరం బిక్కుబిక్కుమంటాన్నాం. ఏదన్నా క్యాసెట్టు తేరా. నవ్వేది తే, నీ రకంది తేవాకు."

నా దగ్గర నా రకంవి తప్ప ఏమున్నాయి? నవ్వొచ్చే సినిమా ఒకటి వెతికి తీశాను. దానితో పాటు లారీ సినిమా కూడా సంచిలో వేశాను, ఈ కష్టకాలంలోనైనా అక్కకు కళ్ళు తెరుచుకుంటాయేమోనని.

సల్వా చేరకముందే రోడ్డుకు అడ్డంగా చెక్‌పోస్టు పెట్టారు. అక్కడున్న సిపాయికి యాభై ఏళ్ళకు దగ్గర. మీసాలు నెరిశాయి, యూనిఫారం వదులుగా వేలాడుతోంది. నేను ఇండియా వాడినని తెలిసి నవ్వాడు. సంచిలో క్యాసెట్లు చూసి ఇంకా నవ్వాడు. ఆ సైనికులకు మన హిందీ సినిమాలంటే ప్రాణం. ఇది కూడా బొంబాయిదేనా అని అడిగాడు. కాదంటే ఏం వస్తుందో తెలియక అవునన్నాను. అట్ట మీద లారీ బొమ్మ ఉన్న క్యాసెట్టు తీసుకుని, వేలితో తన గుండె మీద కొట్టుకుంటూ, తను కూడా డ్రైవర్నేనని, బస్రా దగ్గర బస్సు నడుపుతానని చెప్పాడు. క్యాసెట్టు వెనక్కి ఇవ్వలేదు. చెయ్యి ఊపి పొమ్మన్నాడు. దారంతా అతన్ని తిట్టుకుంటూనే బండి నడిపాను.

సంగతి విని అక్క ముందు పకపకా నవ్వింది. "అయ్యో, పాపం ఆయప్ప ఏం పాపం చేసినాడురా." తర్వాత వంటింటి తలుపు వేసి మెల్లగా అసలు మాట చెప్పింది. మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, పిల్లల్ని తీసుకుని ఎడారి దారిన సౌదీకి వెళ్ళిపోవడానికి సిద్ధమైంది. అక్కను తీసుకుపోయే వీలు లేదు. అక్క పాస్‌పోర్టు ఇంటి యజమాని బాబా ఆఫీసులో ఉంది, తెచ్చిస్తానన్నాడు.

"వీళ్ళు పోతే ఇంత ఇంట్లో నేనొక్కదాన్నే ఉండాల. మొన్న ఎదురింట్లోకి మిలిట్రీ వాళ్ళు జొరబడినారు. పాస్‌పోర్టు చేతికొచ్చినాక ఫోన్ చేస్తా, వచ్చి తోడుకపోరా తమ్ముడా."

అబ్బాసియా నుంచి మనవాళ్ళు బస్సులు మాట్లాడుకుని ఇరాక్ మీదుగా జోర్డాన్‌కు పోతున్నారు. అక్కడి నుంచి విమానాలు ఉన్నాయని వార్త. మా ఇద్దరికీ బస్సులో చోటు చెప్పి వచ్చాను. అక్క లేకుండా ఎక్కేది లేదని కూడా చెప్పాను. ఇక ఫోన్ దగ్గరే కూర్చున్నాను.

ఫోన్ వచ్చింది. పొద్దున్నే పికప్ తీశాను. పోయేటప్పుడు చెక్‌పోస్టులో వేరే ఎవరో ఉన్నారు, ఆపలేదు. మామా అక్క చేతిలో పాస్‌పోర్టు పెట్టి, కావలించుకుని ఏడ్చింది. అక్క కూడా ఏడ్చింది. వచ్చేటప్పుడు అదే చెక్‌పోస్టులో ఆ మీసాలాయన నిలబడి ఉన్నాడు. నా బండిని దూరం నుంచే గుర్తుపట్టి, పక్కకు ఆపమని చెయ్యి చూపించాడు.

బండి పక్కకు తీసి ఆపాను. బొంబాయి సినిమా అని చెప్పి తెలుగు సినిమా ఇచ్చాను. అందులో ఫైటింగు లేదు, డాన్సు లేదు. దానికి మా ఊరివాళ్ళే బెంచీలు విరగ్గొట్టారు, ఇతని చేతిలోనేమో తుపాకీ ఉంది. పక్కన అక్క పాస్‌పోర్టున్న సంచిని పొట్టకు అదుముకుని కూర్చుంది.

అతను వచ్చి కిటికీలో చెయ్యి పెట్టి వంగాడు. నవ్వలేదు. మాట తెలియకపోయినా సినిమాను కదలకుండా చూశానన్నాడు. అందులో డ్రైవరు టీ తాగుతూ ఉండగా కరెంటు పోయిందట. మళ్ళీ వచ్చేలోపు ఆఫీసరు టీవీని ఎత్తించుకుపోయాడట.

"తర్వాత ఏమైంది? ఇంటికి పోయాడా?"

ఆ తర్వాత ఏమీ లేదు. అదే ఆ సినిమా చివర. డ్రైవరు సొంత ఊరి వాగుకు ఇవతలి ఒడ్డున టీ అంగడి దగ్గర లారీ ఆపుతాడు. అవతల ఊరి దీపాలు కనబడుతుంటాయి. గ్లాసు పట్టుకుని వాటిని చూస్తూ నిలబడతాడు. అంతే, తెర మీద అక్షరాలు పడతాయి. పోయాడో లేదో, బిడ్డ పుట్టిందో లేదో చెప్పరు. తెలుగులో అంతకంటే మంచి ముగింపు లేదని నేను ఎంతమందితో వాదించానో. కరెంటు పోవడం వల్ల ఈయన పోగొట్టుకున్నది ఏమీ లేదు. ఖలాస్, అయిపోయింది అంటే సరిపోయేది. నోరు తెరిచాను కూడా.

అతని ముఖం చూశాక ఆ మాట రాలేదు.

"పోయాడు. ఇంటికి పోయాడు" అన్నాను నా వచ్చీరాని అరబ్బీలో.

"బిడ్డ?"

"ఆడపిల్ల. బాగుంది. తల్లి కూడా బాగుంది."

అతను తల ఊపాడు, ఇంకా చెయ్యి తియ్యలేదు. "అంత ఆలస్యంగా పోతే భార్య ఏమీ అనలేదా?"

నా అరబ్బీ అక్కడితో అయిపోయింది. అప్పుడు అక్క అందుకుంది. ఇళ్ళల్లో పనిచేసినవాళ్ళ అరబ్బీ మనకు రాదు. చక్కగా, ఆ ఇంట్లో తనే ఉండి చూసినట్టు చెప్పింది. "బాగా తిట్టింది. వాకిట్లోనే నిలబెట్టి తిట్టింది. ఆ తర్వాత కాళ్ళకు నీళ్ళిచ్చి, అన్నం పెట్టింది. బిడ్డను తెచ్చి ఒళ్ళో వేసింది. మళ్ళీ లోడుకు పోనియ్యలేదు."

అతను పెద్దగా నవ్వాడు. కళ్ళు తుడుచుకున్నాడు. మా కాగితాలు అడగలేదు, సంచి విప్పమనలేదు. బండి ముందుభాగం మీద అరచేత్తో తట్టి, "యల్లా, పోండి" అన్నాడు.

చాలా దూరం వచ్చాక అక్క, "ఆ సినిమా తీసినోడు నన్ను అడిగింటే అప్పుడే చెప్పిందును గదరా" అంది. ఆ మాటకు ఎదురు చెప్పాలని నాకు అనిపించలేదు.

మేము ఇల్లు చేరాం. ఎండలో, జోర్డాన్ సరిహద్దు గుడారాల్లో పడిన బాధలు అందరికీ ఉన్నవే. చాలా ఏళ్ళకు ఒక మధ్యాహ్నం టీవీలో ఆ సినిమా వేశారు. అక్క ఇంట్లోనే ఉన్నాను. ఈసారి ఆమె లేచిపోకుండా కూర్చుంది. లారీ టీ అంగడి ముందు ఆగగానే టీవీ కట్టేసింది. నా వైపు తిరిగింది.

"రేయ్, ఆ మిలిట్రీ ఆయప్ప ఇల్లు చేరినాడంటావా?"

ఆ యుద్ధం ఎలా ముగిసిందో, ఇళ్ళకు తిరిగిపోతున్న ఆ సైన్యం మీద దారిలో బాంబులు ఎలా పడ్డాయో నేను పేపర్లో చదివాను. అక్కకు చదువు రాదు.

"చేరినాడక్కా" అన్నాను.